పెర్ల్ జామ్ ‘టెన్’ పెద్ద పెట్టె కొనొచ్చా? అందులో ఏముంది, ఎలా వినాలి

మీరు అడిగింది ఇదీ: అమెరికా రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ మొదటి ఆల్బమ్ ‘టెన్’ పాత సీడీ మీ దగ్గర ఉంది, 2009లో వచ్చిన కలెక్టర్స్ ఎడిషన్ పెట్టె ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కనిపించింది, ధర వింటే టెన్షన్‌గా ఉంది, పైగా దాని మీద రీమాస్టర్ అని ఒకచోట, రీమిక్స్ అని ఇంకోచోట రాసుంది, రెండూ ఒకటేనా అని. కొత్త మిక్స్ ఆన్‌లైన్‌లో ఎలాగూ వినొచ్చు కదా, ఇక పెట్టె దేనికి అని కూడా అడిగారు. ఆ పెట్టె విడుదలైన ఏడాది నుంచీ నా దగ్గర ఉంది, అందులోని రికార్డులన్నీ చాలాసార్లు తిరిగాయి, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కొత్త మిక్స్ ఒక్కదాని కోసమైతే కొనకండి, డబ్బు దండగ. అందులో ఉన్న చిన్న క్యాసెట్ కోసం, పార్కు కచేరీ రికార్డుల కోసం అయితే కొనండి, కానీ పెట్టెలో ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో తేల్చుకున్నాకే. ఎందుకో చెబుతాను.

రీమాస్టర్, రీమిక్స్ ఒకటి కావు. చాలామంది ఇక్కడే పొరబడతారు, అమ్మేవాళ్లు కూడా రెండు మాటల్నీ కలిపేసి వాడతారు. స్టూడియోలో బ్యాండ్ వాయించేటప్పుడు డ్రమ్స్‌కి కొన్ని ట్రాకులు, బేస్‌కి వేరే, రెండు గిటార్లకూ వేరువేరుగా, గొంతుకు ఇంకోటి, ఇలా టేపు మీద దేనికది విడిగా రికార్డవుతుంది. తర్వాత ఎవరో ఒకరు కూర్చుని, ఏది ఎంత గట్టిగా వినిపించాలి, ఏది ఎడమకి, ఏది కుడికి, గొంతుకు ఎంత రివర్బ్ (పెద్ద హాల్లో ప్రతిధ్వనిలా సాగే మోత) పెట్టాలి అని ఒక్కొక్కటీ తేల్చుకుంటూ అన్నింటినీ రెండు చానళ్ల స్టీరియోగా కలుపుతారు. అది మిక్స్. ఆ కలిపిన టేపుని తీసుకుని మొత్తం మీద హెచ్చుతగ్గులు సరిచేసి, పాటకీ పాటకీ మధ్య వాల్యూమ్ సరిపెట్టి, సీడీకో ఎల్పీకో (ముల్లు పెట్టి తిప్పే పెద్ద రికార్డు) తగ్గట్టు తయారు చేయడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే నేసిన బట్టని మళ్లీ ఉతికి ఇస్త్రీ చేయడం లాంటిది, నేత మారదు. రీమిక్స్ అంటే దారాలు విప్పి మళ్లీ మగ్గం మీద వేయడం. రీమాస్టర్ చేసేవాళ్లకి గొంతు మీద ఉన్న రివర్బ్‌ని మాత్రం విడిగా తీసేయడం సాధ్యం కాదు, అది అప్పటికే అన్నింటిలో కలిసిపోయి ఉంటుంది. అది తీయాలంటే అసలు విడి ట్రాకుల దగ్గరికే వెళ్లాలి.

ఈ పెట్టెలో రెండూ ఉన్నాయి, విడివిడి డిస్కుల్లో. ఒకటి 1991 నాటి మిక్స్‌ని రీమాస్టర్ చేసినది. రెండోది బ్రెండన్ ఓబ్రైన్ అనే నిర్మాత మొదటి నుంచీ మళ్లీ మిక్స్ చేసినది, దానికి ‘టెన్ రీడక్స్’ అని పేరు పెట్టారు. ఈ రెండూ ఒకేలా ఉంటాయనుకుని వింటే మొదటి పాటలోనే తేడా తెలుస్తుంది.

ఇంతకీ మళ్లీ ఎందుకు మిక్స్ చేశారు? దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ‘టెన్’ని 1991 మార్చి, ఏప్రిల్ నెలల్లో సియాటెల్ లండన్ బ్రిడ్జ్ స్టూడియోలో, రిక్ పరాషర్ నిర్మాతగా రికార్డు చేశారు. పేరులో లండన్ ఉంది కానీ స్టూడియో సియాటెల్‌దే. మిక్సింగ్‌కి మాత్రం నిజంగానే ఇంగ్లండ్ వెళ్లారు, డార్కింగ్ దగ్గర ఒక పాత పొలం ఇంట్లో ఉన్న రిడ్జ్ ఫార్మ్ స్టూడియోకి. అక్కడ టిమ్ పామర్ అనే బ్రిటిష్ ఇంజనీరు మిక్స్ చేశాడు. ఊరికి దూరంగా ఉన్న చోటు కాబట్టి వాయిద్యాలు అద్దెకు తెచ్చుకునే వీలు లేక ‘ఓషన్స్’ పాటలో తాళం కోసం మిరియాల పొడి డబ్బానీ, గోడకి ఉన్న మంటలార్పే సిలిండర్‌నీ వాడాడు. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాట వినండి, గలగలమనే ఒక సన్నని చప్పుడూ, లోహం మీద కొట్టిన ఒక మోతా తగులుతాయి. నేను ఆ పాటని ఏళ్ల తరబడి విన్నాను, ఈ సంగతి తెలిశాకే ఆ చప్పుడు విడిగా పట్టుబడింది. అప్పటి నుంచి అది వినపడకుండా పాట వినలేకపోతున్నాను, అంత ఇష్టం ఆ చిన్న శబ్దం.

పామర్ మిక్స్‌లో రివర్బ్ బాగా ఎక్కువ. గొంతు ఏదో పెద్ద హాలు చివర నుంచి వస్తున్నట్టు, గిటార్లు ఒకదాని మీద ఒకటి పరుచుకున్నట్టు ఉంటాయి. అప్పట్లో పెద్ద రాక్ ఆల్బమ్‌లు అలాగే వినిపించేవి, అందులో తప్పేం లేదు. కానీ బ్యాండ్ వాళ్లకి అది రానురాను నచ్చకుండా పోయింది. ఆ రివర్బ్ కొంత తగ్గించి మళ్లీ మిక్స్ చేస్తే బాగుండునని బేసిస్టు జెఫ్ ఎమెంట్ ఎప్పుడో చెప్పాడు. 1993లో వచ్చిన రెండో ఆల్బమ్ నుంచి కొన్ని ఆల్బమ్‌లకి వాళ్ల నిర్మాత ఓబ్రైనే, ఆ రికార్డులు చాలా పొడిగా, దగ్గరగా వినిపిస్తాయి. వాటి పక్కన ‘టెన్’ పెడితే అది వేరే బ్యాండ్‌లా ఉందని వాళ్లకీ అనిపించి ఉంటుంది. 2004లో వచ్చిన హిట్స్ సంకలనం కోసం ‘వన్స్’, ‘అలైవ్’, ‘బ్లాక్’ ఈ 3 పాటల్ని ఓబ్రైన్ ముందే రీమిక్స్ చేశాడు. 2009లో మొత్తం ఆల్బమ్ పూర్తయింది. లక్షల మంది కొని, విని, ప్రేమించిన రికార్డుని ముట్టుకోవడానికి మొదట వెనకాడానని ఆయనే చెప్పుకున్నాడు. అలా వెనకాడడం వల్లే పని అంత ఓపికగా చేశాడని నాకు అనిపిస్తుంది.

మరి ఎలా ఉంది? నా చెవికి చెప్పింది చెబుతాను. ‘వై గో’, ‘పోర్చ్’, ‘డీప్’ రీడక్స్‌లో చాలా బాగున్నాయి. పాత మిక్స్‌లో స్టోన్ గాసార్డ్ గిటార్ ఎక్కడ ఆగుతోంది, మైక్ మెక్‌క్రెడీ గిటార్ ఎక్కడ మొదలవుతోంది అని వెతుక్కోవాలి, ఇక్కడ ఇద్దరూ చెరోపక్క నిలబడి వాయిస్తున్నట్టు స్పష్టంగా ఉంటుంది. ‘జెరెమీ’ మొదట్లో వచ్చే ఆ మెరిసే తీగల శబ్దం గిటార్ అని చాలామంది అనుకుంటారు, అది ఎమెంట్ వాయించిన 12 తీగల బేస్. కొత్త మిక్స్‌లో ఆ తీగలు వేటికవి విడివిడిగా మోగుతాయి, ఆ 10, 15 సెకన్ల కోసమే నేను రీడక్స్ పెట్టిన రోజులున్నాయి. కానీ ‘ఓషన్స్’, ‘రిలీజ్’ ఈ రెండూ పాత మిక్స్‌లోనే వినాలి. ‘రిలీజ్’ చనిపోయిన తండ్రిని ఉద్దేశించి బ్యాండ్ గాయకుడు ఎడ్డీ వెడర్ పాడిన పాట. కన్నతండ్రి ఎవరో ఆ మనిషి చనిపోయాక గానీ వెడర్‌కి తెలియలేదు. ఆ గొంతు ఎక్కడో దూరం నుంచి, చేరలేనంత దూరం నుంచి వస్తున్నట్టు ఉంటేనే ఆ పాటకి ప్రాణం. రివర్బ్ తీసేస్తే గొంతు మన గదిలోకి వచ్చి కూర్చుంటుంది, బాగానే ఉంటుంది, కానీ ఆ దూరం పోతుంది.

‘బ్లాక్’ విషయంలో ఇప్పటికీ తేల్చుకోలేదు. చివర్లో మాటలు అయిపోయి ఉత్త రాగంతో గొంతు సాగుతూ ఉండగా గిటార్ దాని చుట్టూ తిరుగుతుందే, అక్కడ పాత మిక్స్‌లో రెండూ కలిసి ఒకే అలలా వస్తాయి. కొత్తదాంట్లో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. మనసు బాగోనప్పుడు పాతది, ఊరికే సంగీతం కోసం కూర్చున్నప్పుడు కొత్తది, అలా నడుస్తోంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. రీడక్స్ అంటే తప్పులు సరిదిద్దిన ఎడిషన్ కాదు. 1991లో ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ల రికార్డు ఒకటి, 18 ఏళ్ల తర్వాత అదే మనుషులు వెనక్కి తిరిగి చూసుకున్న రికార్డు ఇంకొకటి. రెండూ ఉంచుకోండి. కొత్తది వచ్చింది కదా అని మీ పాత సీడీ ఎవరికైనా ఇచ్చేయకండి, దానికి ఇంకో కారణం కూడా ఉంది. 2009 డిస్కులు, రీమాస్టర్ చేసినదీ రీడక్సూ రెండూ, పాత సీడీ కన్నా గట్టిగా మాస్టర్ చేశారు. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా పాత సీడీ తీసి కొత్తది పెడితే ఒక్కసారిగా మీదకొచ్చినట్టు ఉంటుంది. మొదటి నిమిషం అది బాగుందనిపిస్తుంది, చెవికి గట్టిగా ఉన్నది ఎప్పుడూ మేలుగానే తోస్తుంది. వరసగా ఆల్బమ్ మొత్తం వింటే మాత్రం అలసట తెలుస్తుంది, ఎందుకంటే మెల్లగా ఉండాల్సిన చోటుకీ గట్టిగా ఉండాల్సిన చోటుకీ మధ్య ఉన్న తేడా తగ్గిపోయింది. పోల్చి చూడాలనుకుంటే రెండింటి వాల్యూమ్ చెవితో సమానం చేసుకుని అప్పుడు వినండి, లేకపోతే పోలిక తప్పుతుంది. పాత సీడీలో డ్రమ్ దెబ్బ ఒక్కసారిగా పైకి లేచే తీరు ఇప్పటికీ నాకు అన్నింటికన్నా ఇష్టం.

ఇప్పుడు క్యాసెట్ గురించి. పెట్టెలో చూడ్డానికి అన్నింటికన్నా చౌకగా కనిపించే వస్తువు ఇదే. చాలామంది దాన్ని అలంకారం అనుకుని ఒక్కసారి కూడా ప్లేయర్లో పెట్టరు. నా దృష్టిలో పెట్టె మొత్తానికీ విలువ దాని వల్లే.

కథ ఇదీ. 1990 మార్చిలో సియాటెల్‌లో మదర్ లవ్ బోన్ అనే బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్ చనిపోయాడు, ఆ బ్యాండ్ ఆల్బమ్ విడుదలకి సిద్ధంగా ఉండగా. ఆ బ్యాండ్‌లోని గాసార్డ్, ఎమెంట్ ఇద్దరూ కొన్నాళ్లకి తేరుకుని, మెక్‌క్రెడీతో కలిసి పాటలు లేని ఉత్త వాయిద్యాలతో ఒక టేపు తయారు చేశారు, 5 బాణీలు. అది జాక్ ఐరన్స్ అనే డ్రమ్మర్ చేతికి వెళ్లింది. అతను డ్రమ్స్ వాయించడానికి రాలేనన్నాడు గానీ, ఆ టేపుని శాన్ డియెగోలో పెట్రోలు బంకులో రాత్రి షిఫ్టు చేస్తూ పాడుకునే ఒక స్నేహితుడికి ఇచ్చాడు. ఆ స్నేహితుడే వెడర్. రాత్రి పని చేస్తూ ఆ టేపు విని, పొద్దున్నే సముద్రంలో సర్ఫింగ్‌కి వెళ్లాడు, నీళ్లలో ఉండగానే మాటలు వచ్చేశాయి. ఇంటికొచ్చి 3 బాణీల మీద తన గొంతు రికార్డు చేసి, ఆ క్యాసెట్ మీద ‘మామా సన్’ అని రాసి సియాటెల్‌కి పోస్టులో పంపాడు. ఆ క్యాసెట్టుకి నకలే పెట్టెలో ఉన్నది.

ఆ మూడు పాటలు ‘అలైవ్’, ‘వన్స్’, ‘ఫుట్‌స్టెప్స్’. వెడర్ దృష్టిలో అవి మూడూ ఒకే కథ. మొదటి పాటలో ఒక కుర్రాడికి తను తండ్రి అనుకుంటున్న మనిషి తండ్రి కాదని, అసలు తండ్రి చనిపోయాడని తెలుస్తుంది. రెండో పాటలో ఆ కుర్రాడు పెద్దయి మనసు పూర్తిగా చెదిరి హంతకుడవుతాడు. మూడోదాంట్లో జైలు గదిలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఇప్పుడు మీ సీడీ తీసి పాటల వరస చూడండి. ‘వన్స్’ మొదట ఉంది, ‘అలైవ్’ మూడోది, ‘ఫుట్‌స్టెప్స్’ అసలు లేనే లేదు, అది తర్వాత ‘జెరెమీ’ సింగిల్‌కి వెనకవైపు పాటగా వచ్చింది. అంటే ఆల్బమ్‌లో కథ తలకిందులై, ముగింపు లేకుండా ఉంది. లక్షల మంది ‘అలైవ్’ని గెలుపు పాటగా చేతులెత్తి పాడుకున్నారు, ఆ పాడుకోవడం వల్లే ‘ఇంకా బతికే ఉన్నాను’ అనే అందులోని మాటకున్న శాపం తొలగిపోయిందని వెడరే తర్వాత అన్నాడు. కానీ క్యాసెట్‌లో మొదటిసారి ఆ వరసలో విన్నప్పుడు ఆ పాట అంత చీకటిదని నాకు తెలిసింది. బతికే ఉన్నానని చెప్పడం అక్కడ సంతోషం కాదు, మొయ్యలేని బరువు.

నేను మొదటిసారి అది విన్న రాత్రి బాగా గుర్తుంది. ప్లేయర్ మూత పెట్టి బటన్ నొక్కగానే కాసేపు సుయ్ మంటూ టేపు శబ్దం, తర్వాత అందరికీ తెలిసిన అదే గిటార్ వరస, కానీ పల్చగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు. దాని మీద ఒక గొంతు. పేరు లేని, ఎవరూ ఎరగని, ఒక్కడే గదిలో కూర్చుని ఎక్కడో దూరాన ఉన్న ముక్కూమొహం తెలియని మనుషుల కోసం పాడుతున్న గొంతు. ఆ సంగీతాన్ని వాయించినవాళ్లని అతను అప్పటికి చూడనే లేదు. మూడో పాట అయ్యాక టేపు ఖాళీగా తిరుగుతూ ఉంటే ఆపాలని కూడా తోచలేదు నాకు.

ఇదంతా ఆన్‌లైన్‌లో విడిగా వినొచ్చు కదా అంటారా, వినొచ్చు. కానీ వరసగా, మధ్యలో దాటేయడానికి వీల్లేకుండా, వాళ్లకి అందిన రూపంలోనే వినడం వేరు. పోస్టులో ఆ టేపు అందిన కొద్ది రోజులకే వెడర్‌ని సియాటెల్ పిలిపించారు, 1990 అక్టోబరు 22న ఆఫ్ ర్యాంప్ అనే చోట మొదటి ప్రదర్శన. అప్పటికి బ్యాండ్ పేరు మూకీ బ్లేలాక్, అది ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు. తర్వాత పేరు మార్చుకున్నారు కానీ అతని జెర్సీ మీది 10వ నంబరు ఆల్బమ్ పేరుగా మిగిలింది. పేరు ఎందుకలా పెట్టారని ఎవరైనా అడిగితే చెప్పండి.

తర్వాత కచేరీ రికార్డులు. పెట్టెలో మొత్తం 4 ఎల్పీలు ఉంటాయి, అందులో 2 ‘డ్రాప్ ఇన్ ద పార్క్’. 1992 సెప్టెంబరు 20న సియాటెల్ మాగ్నసన్ పార్కులో బ్యాండ్ ఉచితంగా ఇచ్చిన కచేరీ. అంతకుముందు వేసవి మొదట్లో గ్యాస్ వర్క్స్ పార్కులో పెట్టాలనుకుంటే జనం ఎక్కువ వస్తారని నగరం వాళ్లు ఒప్పుకోలేదు, చివరికి ఇక్కడ జరిగింది, ఓటరు నమోదు కూడా అక్కడే చేశారు. అప్పటికి ఆల్బమ్ వచ్చి ఏడాది దాటింది. 1991 ఆగస్టు 27న విడుదలైనప్పుడు పెద్దగా కదలిక లేదు, 1992లో మెల్లగా పాకి పాకి అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల జాబితా బిల్‌బోర్డ్ 200లో 2వ స్థానం దాకా వెళ్లింది. అంటే ఆ పార్కులో ఉన్నది సొంత ఊరికి విజయంతో తిరిగొచ్చిన బ్యాండ్. ఆ ఊపు రికార్డులో తెలుస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించింది డేవ్ క్రూసెన్. రికార్డింగ్ అయిన కొద్దికాలానికే అతను బ్యాండ్ వదిలేశాడు. పార్కులో వాయించింది డేవ్ అబ్రుజీస్. అదే పాట, మనిషి వేరు. క్రూసెన్ కొంచెం వెనక్కి వాలినట్టు, నిదానంగా మోస్తాడు, అబ్రుజీస్ ముందుకు తోస్తాడు. ‘ఈవెన్ ఫ్లో’ని స్టూడియోలో 50, 70 సార్లు వాయించి ప్రాణం విసిగిపోయిందని మెక్‌క్రెడీ చెప్పాడు. ఆల్బమ్‌లో ఆ పాట వింటే నాకు ఆ జాగ్రత్త తెలుస్తుంది. పార్కులో ఆ జాగ్రత్తంతా గాలికి వదిలేసి వాయించారు. ఆ ఒక్క పాటనీ ఆల్బమ్‌లోదీ, రీడక్స్‌లోదీ, పార్కులోదీ మూడూ వరసగా పెట్టుకుని వినండి, నేను ఇక్కడ ఇంత రాసినదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది.

డీవీడీలో 1992 మార్చి నాటి ఎంటీవీ అన్‌ప్లగ్డ్ (బ్యాండ్లు ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి వాయించే టీవీ కార్యక్రమం) ఉంది. టీవీలో అప్పట్లో చూపించని ‘ఓషన్స్’ ఇందులో ఉంది. ‘పోర్చ్’ మధ్యలో వెడర్ స్టూల్ మీద నిలబడి, మార్కర్‌తో తన చేతి మీద రాసుకోవడం కనిపిస్తుంది. చాలామంది చూసే ఉంటారు, అందుకే ఎక్కువ చెప్పను.

రీడక్స్ సీడీ చివర 6 అదనపు పాటలున్నాయి. ‘బ్రదర్’ బాగుంది, ఇంతకుముందు గొంతు లేకుండా వచ్చిన పాటకి ఇక్కడ గొంతు ఉంది. ‘స్టేట్ ఆఫ్ లవ్ అండ్ ట్రస్ట్’ తొలి రూపం కూడా వినదగ్గదే. మిగతావాటిలో ఒకటి రెండు స్టూడియోలో సరదాగా వాయించుకున్నవి, ఒకసారి విని వదిలేయొచ్చు. వీటి కోసం పెట్టె కొనక్కర్లేదు, ఆ 2 సీడీలు మాత్రమే ఉన్న చిన్న ఎడిషన్ విడిగా దొరుకుతుంది.

ఎల్పీల గురించి ఒక నిజం. ‘టెన్’ 53 నిమిషాల పైచిలుకు ఆల్బమ్. ఒక ఎల్పీ వైపున 20 నిమిషాలు, మహా అయితే 22 నిమిషాలు ఉంటే గాడులు ధారాళంగా పడతాయి. ఇక్కడ మొదటి వైపే దాదాపు 29 నిమిషాలు. గాడులు దగ్గర దగ్గరగా కోయాలి, వాల్యూమ్ తగ్గించాలి. పైగా రికార్డు అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలి చివర్లో 21 సెంటీమీటర్లే కదులుతుంది, అంత తక్కువ చోట అంతే సంగీతాన్ని ఇరికించాలి, అక్కడ శబ్దం కొంచెం నలుగుతుంది. ఆ లోపలి చివర ఏ పాట పడిందో తెలుసా, ‘జెరెమీ’. ఆఖర్న గొంతూ, చెల్లో, గిటార్లూ అన్నీ ఒకేసారి పైకి లేచే చోటు సరిగ్గా అక్కడే. ముల్లు కొత్తదై, సరిగ్గా అమర్చి ఉంటే పర్వాలేదు. అరిగిన ముల్లుతో వింటే గరగరమంటుంది, అది రికార్డు లోపం అనుకుని కంగారు పడకండి. కాబట్టి ఆల్బమ్ కోసమైతే సీడీ చాలు. ఎల్పీ సుఖం కావాలంటే పార్కు రికార్డులు, అవి 2 ఎల్పీల మీద పరిచారు కాబట్టి ఊపిరి ఆడుతుంది.

ఇంకా పెట్టెలో బడి పిల్లల నోటుబుక్కు లాంటి పుస్తకం ఒకటి ఉంటుంది, వెడర్, ఎమెంట్ దాచుకున్న రాతలు, ఫోటోల నకళ్లతో. ఒక పల్చటి కవరులో ఆ రోజుల కాగితాల నకళ్లు. పుస్తకం నెమ్మదిగా తిరగేయండి, ఆల్బమ్ చుట్టూ ఉన్న కాలం తెలుస్తుంది. అట్ట గురించి కూడా ఒక మాట: అందరూ కలిసి చేతులెత్తి నిలబడిన ఆ బొమ్మ వెనక ఉన్న అక్షరాలు ఎమెంట్ చెక్కతో చేసినవి. రంగు మాత్రం వాళ్లనుకున్నది కాదు, ముదురు ఎరుపులో ఉండే బర్గండీ రంగు అడిగితే గులాబీ రంగు వచ్చింది. మనం ఇన్నేళ్లుగా ఆ ఆల్బమ్ అనగానే తలచుకునే గులాబీ రంగు నిజానికి పొరబాటు.

ఇక మీ బేరం విషయం. నేను ఒకసారి స్నేహితుడి కోసం ఇదే పెట్టె సెకండ్ హ్యాండ్‌లో తెప్పించాను. ఫోటోలో పెట్టె నిగనిగలాడుతోంది. తీరా వచ్చాక చూస్తే కాగితాల కవరు లేదు, క్యాసెట్ డబ్బా ఉంది కానీ లోపల టేపు ముడుచుకుపోయి ఉంది. అమ్మినాయన పెట్టె బాగుందని చెప్పానే గానీ లోపలివి చెప్పలేదు కదా అన్నాడు. ఆయన మాట నిజమే, అడగనిది మేమే. ఇన్నేళ్ల అనుభవం ఉండీ ఆ ఒక్క ప్రశ్న వేయనందుకు ఆ స్నేహితుడి ముందు చాలా బాధపడ్డాను.

అందుకని మీరు ఇవి అడగండి. పెట్టె తెరిచి, 4 ఎల్పీలు, 2 సీడీలు, డీవీడీ, క్యాసెట్, నోటుబుక్కు, కవరు, కవరులోని కాగితాలు అన్నీ నేల మీద పరిచి ఒకే ఫోటో తీయమనండి. ఎల్పీలని దీపం కింద ఏటవాలుగా పట్టి తీసిన ఫోటోలు విడిగా కావాలి, నిలువుగా తీస్తే గీతలు కనపడవు. పార్కు రికార్డుల అంచుల్ని ముఖ్యంగా చూడండి, ఎక్కువ తిరిగేవి అవే. పెట్టెకి గుడ్డ తొడుగు ఉంటుంది కాబట్టి మూలలు మాసిపోవడం, నలగడం మామూలే, దానికి ధర తగ్గించమనండి గానీ ఒద్దనుకోకండి. క్యాసెట్ మాత్రం ప్లేయర్లో తిరుగుతుండగా కనీసం ఒక నిమిషం వీడియో అడగండి. ఇంకా సీల్ విప్పని పెట్టె అయితే ధర చాలా ఎక్కువ చెబుతారు. వినడానికి కొనేవాళ్లకి ఆ సీల్ వల్ల ఏ లాభమూ లేదు, పైగా లోపల టేపు ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

క్యాసెట్ చేతికొచ్చాక వెంటనే ప్లే నొక్కకండి. ఏళ్ల తరబడి ఒకే చుట్టలో ఉన్న టేపు పొరలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. ముందు చివరి దాకా ముందుకి ఒకసారి తిప్పండి, తర్వాత మొదటి దాకా వెనక్కి తిప్పండి, ప్లేయర్ హెడ్ శుభ్రంగా తుడవండి. లోపల టేపుని హెడ్‌కి ఆనించే చిన్న స్పంజు ముక్క ఊడిపోకుండా ఉందో లేదో చూడండి, అది లేకపోతే శబ్దం మూగగా వస్తుంది.

వినే వరస నన్నడిగితే ఇలా: మొదట క్యాసెట్. తర్వాత మీ పాత సీడీ, మొదటి నుంచి చివరి దాకా, ‘రిలీజ్’ అయ్యాక దాగి ఉన్న ఆ వాయిద్యపు ముక్క కూడా వినే దాకా లేవకండి. తర్వాత అన్‌ప్లగ్డ్, ఆ తర్వాత పార్కు ఎల్పీలు. రీడక్స్ ఆఖర్న. ముందే రీడక్స్ వింటే మిగతావన్నీ దాని పక్కన పాతగా తోస్తాయి, వాళ్లు 2009లో వెనక్కి తిరిగి చూసినట్టు మనమూ చూడాలంటే అంతకుముందు జరిగినది విని ఉండాలి.

ఫోటోలు, క్యాసెట్ వీడియో వచ్చాక ఏదైనా అనుమానంగా అనిపిస్తే నాకు చూపించండి, డబ్బు పంపకముందే.